పెద్దక్క మోకాలు, అమ్మ మోకాళ్లు

మా ఇంట్లో ఒకే నొప్పికి మూడు పేర్లు. హోసూరు బజారులో తమిళం మాట్లాడేటప్పుడు అది మూట్టువలి. బెంగళూరు పోతే మండినోవు. గడప దాటి లోపలికొస్తే మోకాళ్ల నొప్పి. ఏ పేరుతో పిలిచినా మా వంశంలో ఆడవాళ్లకి అరవై దాటితే అది తప్పదని చిన్నప్పటినుంచి వింటానే ఉండాం. మా జేజి గోడ పట్టుకొని నడిచేది. మేనత్త కూర్చుంటే లేచేది కాదు, లేస్తే కూర్చునేది కాదు. పోయినసారి తాత కాలపు రాగి కల్లం గురించి రాసినప్పుడు, ‘పాత సంగతులేనా, మొన్న మీ అక్క కెనడా నుంచి వచ్చి కాలు బాగుచేయించుకొనిపోయిందంట కదా, అది రాయండప్పా’ అని ధర్మపురి బంధువొకరు ఫోన్ చేసి అడిగినారు. ఇట్లా వచ్చి చేయించుకోవాలనుకునే వాళ్లు మన బంధువుల్లో ఇంకా ఉండారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తా ఉండాం.

పెద్దక్క 1984లో పెండ్లయి బావతో పాటు కెనడా పోయింది. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఇల్లు. అక్కకిప్పుడు అరవై ఆరు. కుడి మోకాలు నాలుగేండ్లుగా సతాయిస్తా ఉండాది. మొదట మెట్లు దిగేటప్పుడు, తర్వాత ఎక్కేటప్పుడు, ఆ తర్వాత రాత్రి పడుకుంటే కూడా. అక్కడ వైద్యానికి చేతి డబ్బు పెట్టనక్కరలేదు కదా, ఇక్కడికెందుకు వచ్చేది అని చాలామంది అడిగినారు. నిజమే, పెట్టనక్కరలేదు. కాచుకోవాల, అంతే. మోకాలి మార్పిడి 26 వారాల్లో జరగాలని వాళ్లే ఒక గడువు పెట్టుకొని ఉండారు. అయితే ఆ 26 వారాలు లెక్కపెట్టేది ఆపరేషన్ చేద్దామని నిర్ణయమైన రోజునుంచి. సర్జన్ ముందర కూర్చునేదానికే పట్టే నెలలు ఆ లెక్కలోకి రావు. కోవిడ్ కాలంలో ఆగిపోయిన ఆపరేషన్ల వరస వేరే ఉండాది. అక్కకి సర్జన్‌ని చూసే తేదీ వచ్చింది, తొమ్మిది నెలల తర్వాతకి.

‘తొమ్మిది నెలల్లో బిడ్డే పుడుతుందే’ అనింది అమ్మ.

ఇంతలో అక్కకి ఒక మధ్యవర్తి సంస్థ తగిలింది. విదేశాల్లో ఆపరేషన్లు కుదిర్చిపెట్టే వ్యాపారం వాళ్లది. వేరే దేశంలో, సముద్రం ఒడ్డున ఆసుపత్రి, విమానాశ్రయం నుంచి కారు, హోటల్లో వారం రోజులు, ‘కీహోల్ పద్ధతిలో మోకాలు శుభ్రం చేస్తాం, రెండు చిన్న చిల్లులే, మూడో రోజు షాపింగ్’ అని. ఫోటోల్లో అందరూ నవ్వుతా ఉండారు. అక్క అడ్వాన్సు కట్టేదానికి సిద్ధమైపోయింది. ఇక్కడ మేము కూడా సంతోషపడినాం. చిన్న చిల్లులంటే ఎవరికి ఇష్టం ఉండదు?

ఆపింది అక్క కొడుకు. వాడు డాక్టరేం కాదు, ఏదన్నా కొనేముందు నాలుగు రాత్రులు చదివే రకం. వాడు చెప్పింది ఇది. 2002లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలో హ్యూస్టన్ మాజీ సైనికుల ఆసుపత్రిలో అరిగిన మోకాళ్లవాళ్లు 180 మందిని మూడు గుంపులు చేసినారంట. ఒక గుంపుకి దుర్బిణి గొట్టం దూర్చి లోపల గీకి శుభ్రం చేసినారు. ఇంకో గుంపుకి నీళ్లతో కడిగినారు. మూడో గుంపుకి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేసినారు, లోపల ఏమీ చెయ్యలేదు. ఎవరికి ఏది చేసినారో వాళ్లకి చెప్పలేదు. రెండేండ్లు చూసినా మూడు గుంపులకీ నొప్పిలో తేడా లేదు. అంటే గాటు పెట్టి వదిలేసినా, లోపల కడిగినా ఒకటే.

అట్లని కీహోల్ దండగని కాదు. 1918లో టోక్యోలో టకాగి అనే డాక్టరు మూత్రాశయం చూసే గొట్టాన్ని ఒక శవం మోకాల్లోకి దూర్చి చూసినప్పటినుంచి ఆ విద్య చాలా దూరం వచ్చింది. ఆటగాళ్లకి తెగిన నరం బాగుచేసేదానికి, చిరిగి కీల్లో ఇరుక్కున్న మెత్త ముక్క తీసేదానికి అది కావాల్సిందే. అరిగిపోయిన ఎముకకి మాత్రం అది మందు కాదు. ఆ సంస్థ అక్క ఎక్స్‌రే కూడా అడగలేదు. దుడ్డు మాత్రం అడిగింది. అక్క ఆ మాట మీదే వెనక్కి తగ్గింది.

తర్వాత బెంగళూరులో ఒక సర్జన్‌తో వీడియోలో మాట్లాడించినాం. ఆయన మొదట అడిగింది ఎక్స్‌రే. అది కూడా పడుకొని తీసింది పనికిరాదు, నిలబడి తీసింది కావాలన్నారు. శరీరం బరువు పడినప్పుడే ఎముకల మధ్య సందు ఎంత మిగిలిందో తెలుస్తుందంట. అది చూసి, మోకాల్లో మూడు గదులుంటాయి, లోపలి పక్క, బయటి పక్క, చిప్ప కింద అని, అక్కకి లోపలి పక్క ఒక్కటే అరిగిందన్నారు. కీలు మధ్య నరాలు గట్టిగా ఉంటే మొత్తం మార్చకుండా ఆ ఒక్క పక్కకే చెయ్యొచ్చు. తొడ ఎముక కొసకి ఒక లోహపు తొడుగు, కాలి ఎముక మీద ఒక లోహపు పలక, రెంటి మధ్యన ప్లాస్టిక్ ముక్క. కోత కూడా పూర్తి మార్పిడికి పెట్టేదాంట్లో సగం చాలు.

కోత సగమే అన్నప్పుడు మా మొగాలు వెలిగినట్టుండాయి. ఆయన నవ్వి, ‘కోత ఎంత అనేది మీకు గొప్ప. లోపల ఏమి మిగిల్చినాం అనేది మాకు’ అన్నారు. ఇంకోటి కూడా దాచకుండా చెప్పినారు. సగం మార్పిడి చేయించుకున్నవాళ్లు తొందరగా కోలుకుంటారు, మోకాలు మన మోకాలు మాదిరే అనిపిస్తుంది. కానీ తర్వాత ఎప్పుడో మళ్లీ కోయాల్సి వచ్చేది కూడా పూర్తి మార్పిడి కంటే వీళ్లలోనే ఎక్కువ. ‘ఇరవై ఏండ్లు గ్యారంటీనా’ అని బావ అడిగితే, ‘గ్యారంటీ మిక్సీకి ఇస్తారు’ అన్నారు. మాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

ఖర్చు సంగతి అడుగుతారని తెలుసు. కెనడా ప్రభుత్వం ఇట్లా మన ఇష్టంతో బయట చేయించుకున్నదానికి ఒక్క డాలరు ఇయ్యదు. అంతా చేతిదే. అయితే 2017 ఆగస్టులో మన దేశంలో మోకాలి లోహాల ధరకి కట్టడి వచ్చింది. మామూలుగా ఎక్కువమందికి వాడే కోబాల్ట్ క్రోమియం రకం అంతకుముందు సగటున లక్షా యాభై ఎనిమిది వేలు ఉండేది 54,720 రూపాయలకి దిగింది, పన్ను వేరే. లోహం ధర దిగితే గది అద్దె, ఆ ఛార్జీ, ఈ ఛార్జీ ఎక్కడం మేము బిల్లులో కళ్లారా చూసినాం, అది వేరే కథ. ఎంత ఎక్కినా అక్కకి అక్కడ ప్రైవేటుగా అయ్యేదాంట్లో చాలా తక్కువే.

అక్క, బావ 2024 జనవరి మొదట్లో వచ్చినారు. ఇద్దరికీ ఓసీఐ కార్డు ఉండాది కాబట్టి వీసా గొడవ లేదు. ఇరవై గంటలు పైగా కూర్చొని వచ్చిన కాళ్లలో రక్తం గడ్డకట్టే భయముంటుంది, దిగిన వెంటనే ఆపరేషన్ వద్దు, పది రోజులన్నా తిరగనియ్యండి అన్నారు డాక్టరు. ఆ పది రోజుల్లోనే పండ్ల డాక్టరు దగ్గర, షుగరు, మూత్రం, గుండె అన్నీ చూపించినాం. పంటిలో చీము ఉన్నా అది రక్తంలో పోయి కొత్త కీల్లో కూర్చుంటుందంట.

ఈలోపు మా ఇల్లు ఇల్లుగా లేదు. తాత కట్టించిన ఇల్లది. గడపలు మోకాలెత్తు, కక్కసు పెరట్లో, కూర్చొని లేచేది. అక్క కోసం నడవా పక్క గదికి ఆనుకొని పడమటి కమోడుతో బాత్రూం కట్టించినాం. గోడకి స్టీలు కడ్డీలు, జారని టైల్సు, ఎత్తు మంచం. చాపలన్నీ చుట్టి అటక మీద పెట్టినాం. మేస్త్రీ రెండు వారాల్లో పూర్తి చేసినాడు. ఇల్లు కట్టినప్పటినుంచి ఎనభై ఏండ్లలో చెయ్యని పని, రెండు వారాల్లో.

ఆపరేషన్ గురించి రాసేదానికి పెద్దగా లేదు. నడుముకి మత్తు సూది, గంటన్నర పని. మరుసటి రోజు పొద్దున్నే కేరళ నర్సమ్మ వాకర్ పెట్టి నిలబెట్టింది. అక్క ఏడ్చింది, నొప్పికి కాదంట, మత్తు దిగినంక తన కాలు తన మాట విన్నందుకంట. మూడో రోజు హోసూరు తెచ్చినాం. అనపకాయల కాలం కదా, ఇంటినిండా పితికిపప్పు వాసన. అక్క మంచం మీద కాలు చాపుకొని, మోకాలి మీద ఐసు గుడ్డ వేసుకొని, నానబెట్టిన గింజలు పితుకుతా కూర్చునేది. అమ్మ కింద నేలమీద. అమ్మకి మంచం, కుర్చీ అలవాటు లేదు. ఇద్దరి మధ్య ఒక తట్ట.

తొమ్మిదో రోజు సాయంత్రం అక్క పిక్క ఉబ్బింది. పట్టుకుంటే వేడి. పిక్క ఉబ్బితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దని డిశ్చార్జి కాగితంలో రాసే ఉండాది. గడ్డ పిక్కలోనుంచి కదిలి ఊపిరితిత్తులకి పోతే ప్రాణం మీదికొస్తుంది. బెంగళూరు ఆసుపత్రికి ఫోన్ చేస్తే వెంటనే తీసుకొని రమ్మన్నారు. కారు తీసినాం. అమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. వద్దమ్మా, రాత్రిపూట అంటే వినలేదు. ‘నా బిడ్డ మూడు సముద్రాలు దాటి వచ్చింది, నేను అత్తిబెలె దాటలేనా’ అనింది.

అప్పుడు చూసినాం, అమ్మ కారెక్కడం. తలుపు పట్టుకొని వెనక్కి తిరిగి కూర్చొని, రెండు చేతులతో తన కాలు తానే ఎత్తి లోపల పెట్టుకొనింది, మూట ఎత్తి పెట్టినట్టు. తర్వాత రెండో కాలు. ఎంత కాలంగా ఇట్లా ఎక్కుతా ఉండాదో మాకు తెలీదు. అమ్మను కార్లో కూర్చోబెట్టుకొని పోయి ఎన్నాళ్లయిందో కూడా గుర్తు రాలేదు.

బొమ్మసంద్ర దగ్గర లారీలు, ఎలక్ట్రానిక్ సిటీ వంతెన ఎక్కేదాకా ఎవరూ మాట్లాడలేదు. అక్క ఒక్కసారి మాత్రం, ‘అక్కడైతే ఇంటికి పది నిమిషాల్లో ఆసుపత్రి’ అనింది. ఎవరిని అనిందో, ఎందుకనిందో. బావ కిటికీలోనుంచి బయటికి చూస్తా ఉండినాడు. ఆ గంటన్నరలో మాకందరికీ ఒకటే ఆలోచన. మేమే రమ్మంటిమి, మేమే ఇక్కడ చౌక అంటిమి.

స్కాన్ తీసినారు. గడ్డ లేదు. ఆపరేషన్‌లో లోపల కారిన రక్తం కిందికి దిగి పిక్క ఉబ్బిందంట. కాలు ఎత్తులో పెట్టుకోవాల, మాత్రలు ఆపకూడదు, అంతే. మేము ఊపిరి వదిలినాం.

ఆ రాత్రి డ్యూటీలో ఉండింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ, కన్నడావిడ. కాగితాలు రాసిస్తా, తలుపు దగ్గరినుంచి మంచం దాకా నడిచొస్తున్న అమ్మను చూసింది. అమ్మ నడక మీకు తెలుసు, చూసినవాళ్లకి. పడవ మాదిరి ఇటూ అటూ ఊగుతుంది, కాళ్లు బయటికి విల్లు మాదిరి వంగి ఉంటాయి. మాకది అమ్మ నడక, అంతే. డాక్టరమ్మ పెన్ను ఆపి, ‘వీరికి ఎప్పటినుంచి ఇలా ఉంది?’ అని కన్నడంలో అడిగింది.

మేము నలుగురం ఉండాం ఆ గదిలో. ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం. ఒక్కరికీ తెలీదు.

‘చిన్నోడి పెండ్లప్పటినుంచి’ అనింది అమ్మ. చిన్నోడి పెండ్లి 2005లో.

పెండ్లిలో అమ్మ నవ్వుతా అన్ని పనులు చేసినట్టు ఫోటోలుండాయి. రెండు రోజులు బండమీద కూర్చొని తరిగి, వండి, పెట్టి, మూడో రోజు లేచేటప్పుడు ఏదో కలుక్కుమనిందంట. ఎవరికీ చెప్పలేదు. కొత్త కోడలు అడుగుపెట్టినాక అత్తకి ఇట్లా అయిందంటే ఆ పిల్లను ఏమంటారో అని. ఈ మాట చిన్నోడి పెండ్లాం ఆ రోజు మొదటిసారి వినింది. ఆమె బయటికి పోయి కారిడార్‌లో నిలబడింది. చాలాసేపు రాలేదు.

కుట్లు తీయించేదానికి పోయినప్పుడు అమ్మకి కూడా ఎక్స్‌రే తీయించినాం, నిలబెట్టి. రెండు మోకాళ్లలో మూడు గదులూ అరిగిపోయి ఉండాయి, ఎముక మీద ఎముక. సగం మార్పిడి, చిన్న కోత అనే మాటకి తావే లేదు. చేస్తే రెండూ పూర్తిగా మార్చాల. ఎనభై ఆరేండ్లు అనేది ఒక్కటే అడ్డం కాదన్నారు డాక్టరు, ఆ వయసులో చేయించుకొని నడిచినవాళ్లు ఉండారు. కానీ గుండె పరీక్షలో ఒక కవాటం బాగా బిగుసుకుపోయిందని తెలిసింది. ముందు దాని సంగతి చూడాల, తర్వాత ఇది, అప్పటికి కూడా మత్తు ఇచ్చేదాంట్లో అపాయం ఎక్కువే. పదేండ్ల ముందు వచ్చి ఉంటే అని ఆయన అనలేదు. మేమే అనుకున్నాం.

ఇంటికొచ్చినంక వాదులాట. పెద్దన్న గుండె డాక్టరు దగ్గరికి పోదామని. చిన్నోడు చెన్నైలో చూపిద్దామని. అక్క, తన దుడ్డు పెడతానని. అక్క ఒక మాట అనింది, ‘నా ఒక్క కాలికి ఇంతమంది ఇన్ని ఫోన్లు చేస్తిరి. అమ్మ మీ ముందరే నడుస్తా ఉండె కదప్పా.’ పెద్దన్నకి కోపమొచ్చింది. ‘నువ్వు నలభై ఏండ్లుగా యాడుండావు?’ అనేసినాడు. ఆ పొద్దు ఎవరూ సరిగ్గా తినలేదు. ఇది రాయాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. రాయమని చెప్పింది పెద్దన్నే.

అమ్మ మాత్రం అన్నీ విని, ‘నాకు కోత వద్దు. ఆ బాత్రూం మీ అక్క పోయినంక పగలగొట్టకండి’ అనింది.

అర్థం కాలేదు మాకు. అమ్మే చెప్పింది. బాత్రూం పూర్తయిన రోజునుంచి, అక్క వాడకముందునుంచే, రాత్రిపూట అమ్మ దాన్నే వాడుతా ఉండాదంట. అంతకుముందు రాత్రి పెరట్లోకి పోవాల్సొస్తుందని సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు తాగేది కాదంట. ఏండ్లుగా. పోయిన ఎండాకాలం మూత్రంలో మంటని ఆసుపత్రిలో రెండు రోజులు పెట్టినాం, డాక్టరు ‘నీళ్లు బాగా తాగాలమ్మా’ అని చెప్తే మేము కూడా అమ్మనే కోప్పడినాం.

అప్పటినుంచి ఫిజియో పిల్ల వచ్చినప్పుడు ఇద్దరికీ చేయిస్తా వచ్చింది. అరిగిన ఎముక తిరిగి రాదు గాని, తొడ కండ గట్టిపడితే మోకాలి మీద బరువు కొంచెం తగ్గుతుందంట. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకొని దాన్ని కిందికి అదిమి ఐదు లెక్కపెట్టి వదలాల. అట్లా పది సార్లు. తర్వాత మడమ జరపడం. అక్క పక్కనే ఇంకో ఎత్తు మంచం వేసినాం, అమ్మ మొదటి రెండు రోజులు పడిపోతానేమో అని కొస పట్టుకొని పడుకొనింది. లెక్క అమ్మదే. ఫిజియో పిల్ల కన్నడంలో మొదలుపెడితే అమ్మ తెలుగులో అందుకునేది.

ఆరు వారాలు కానిదే అంత దూరం విమానం ఎక్కొద్దన్నారు కాబట్టి, అక్క మార్చి తేరు దాకా ఉండిపోయింది. అప్పటికి కర్ర కూడా వదిలేసింది. కొండెక్కి చంద్రచూడేశ్వరుణ్ణి, మరకతాంబను చూడాలనేది అక్క మొక్కు. డాక్టరు కూడా మెల్లగా ఎక్కొచ్చన్నారు. తేరు రోజు పొద్దున అమ్మను కింద వీధిలో తెలిసినవాళ్ల అంగడి ముందర కుర్చీ వేసి కూర్చోబెట్టినాం. అక్క కొండ పక్కకి నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి, అంగడాయన్ని ఇంకో కుర్చీ అడిగింది. మేమెవరం ఏమీ అడగలేదు. తేరు వచ్చేదాకా ఇద్దరూ మరమరాలు తింటా కూర్చున్నారు.

పోయేముందు డాక్టరు ఒక చిన్న కార్డు ఇచ్చినారు, లోపల పెట్టింది ఏ లోహం, ఏ కొలత, ఏ నంబరు అని. ఇట్లా వచ్చి చేయించుకునేవాళ్లకి మేము చెప్పేది, ఆ కార్డు, ఆపరేషన్ నోట్సు, ఎక్స్‌రేలు అన్నీ చేతిసంచిలో పెట్టుకొని పోండి. అక్కడి ఫ్యామిలీ డాక్టరు మొదట కొంచెం ముక్కు విరిచినాడంట, ‘బయట చేయించుకొని వచ్చి నన్ను చూడమంటావా’ అన్నట్టు. కాగితాలన్నీ చూసినంక ఏమీ అనలేదంట. రేపు ఏదన్నా అయితే చూడాల్సింది అక్కడివాళ్లే కదా.

ఇప్పుడు అక్కకి రాత్రి తొమ్మిదయితే మాకు పొద్దున ఆరున్నర. వీడియో ఫోన్‌ని మంచం కాడ స్టూలు మీద చెంబుకి ఆనించి పెడతాం. అక్కడ అక్క తువ్వాలు చుట్టుకుంటుంది, ఇక్కడ అమ్మ. మొన్న అమ్మ లెక్క పది దాటి పోతా ఉండాది. పదకొండు, పన్నెండు, పదమూడు. ‘అమ్మా, పది చాలంట’ అనింది అక్క.

‘నువ్వు ఆపుకో’ అనింది అమ్మ. ‘నాకు పందొమ్మిదేండ్ల బాకీ ఉండాది.’